ఆ గ్రహానికి రాజెవరు? ట్రావెలర్ ప్రభుత్వ కోడ్లపై అపోహలు - వాస్తవాలు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నెల్లూరులో మా మేడమీద గదిలో ఐదారుగురం చేరి ట్రావెలర్ ఆడుతుంటాం. తెలియనివాళ్ళకోసం రెండు ముక్కలు. ఇది 1977లో అమెరికాలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రై ఆడే ఆట. ఆటగాళ్ళు ఓడలో సరుకు వేసుకుని గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతారు. ఆ గ్రహాల్ని తయారుచేసి, అక్కడ ఎదురయ్యే మనుషులందరి తరఫునా మాట్లాడేవాణ్ణి రిఫరీ అంటారు. మా గదిలో ఆ పని నాది.

ప్రతి గ్రహాన్నీ ఒక్క లైనులో రాసిపెడతారు. స్టార్‌పోర్ట్ (ఓడలు దిగే రేవు), సైజు, గాలి, నీళ్ళు, జనాభా, ప్రభుత్వం, చట్టం, టెక్నాలజీ, ఇదీ వరస. ప్రభుత్వం గడిలో 0 నుంచి 9 దాకా అంకెలు, ఆ పైన ఏ, బీ, సీ, డీ అక్షరాలు (లెక్కలో ఇవి 10, 11, 12, 13) ఉంటాయి. వీటినే కోడ్లంటారు. కొత్తగా రిఫరీ పని మొదలుపెట్టినవాళ్ళు తడబడేది ఎక్కువగా ఈ గడి దగ్గరే. నేనూ తడబడ్డాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: అంకె పెరిగేకొద్దీ ప్రభుత్వం ముదిరినట్టు

0 అంటే అరాచకం, డీ అంటే పరమ నియంతృత్వం, మధ్యలోవి మెట్లు అనుకుంటారు. అవి మెట్లు కావు, పేర్లకు బదులు పెట్టిన గుర్తులు. 2 అంటే ప్రజలంతా కూర్చుని నేరుగా తేల్చుకునే ప్రజాస్వామ్యం. 3 అంటే కొద్దిమంది తమలో తామే పదవులు పంచుకునే పాలన. 4 దగ్గరికి రాగానే మళ్ళీ ప్రజాస్వామ్యం, మనలాంటి ఎన్నికల ప్రజాస్వామ్యం. ఇందులో ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. బస్సు మీద నంబరు పెద్దదైతే బస్సు పెద్దదైపోదు గదా.

అయితే ఈ అపోహకి సగం కారణం ఆటే. చట్టం అంకె, అంటే లా లెవెల్, తేల్చడానికి రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తంలోంచి 7 తీసేసి, ప్రభుత్వం అంకె కలపమంటుంది. పేరుకు బదులు పెట్టిన గుర్తును తీసుకెళ్ళి కూడికలో వేసిందన్నమాట. దాంతో 4 ఉన్న ప్రజాస్వామ్యంలో లా లెవెల్ సగటున 4 దగ్గర ఆగితే, డీ ఉన్న మత నియంతృత్వంలో సగటున 13కి పోతుంది. మతపాలన ఎప్పుడూ అంత కఠినంగానే ఉండాలా? పట్టికలో అది ఆఖర్న ఉంది కాబట్టి అలా వస్తోంది, అంతే. నాకు నచ్చకపోతే ఆ అంకె మార్చేస్తాను. పాచికలు మనకి సలహా ఇస్తాయి, జీతమివ్వవు.

అపోహ: జనం ఎంతమంది ఉన్నా ఏ ప్రభుత్వమైనా రావచ్చు

పాచికల లెక్క ప్రకారం రాదు. ప్రభుత్వానికి కూడా అదే పద్ధతి: రెండు పాచికల మొత్తంలోంచి 7 తీసేసి జనాభా అంకె కలపాలి. జనాభా అంకె అంటే 1 పక్కన ఎన్ని సున్నాలో. 3 అయితే జనం వేలల్లో ఉన్నట్టు. 9 అయితే వంద కోట్లు దాటినట్టు.

ఇప్పుడు 9 పెట్టి లెక్క వేయండి. పాచికల్లో కనిష్ఠంగా 2 పడుతుంది. 2లోంచి 7 పోయి 9 కలిస్తే 4. అంటే వంద కోట్లు దాటిన గ్రహంలో ఎన్నికల ప్రజాస్వామ్యం రావాలంటే రెండు పాచికల మీదా ఒకట్లే పడాలి. 36లో ఒక్క వంతు అవకాశం. అదే ఏ గానీ ఆ పైది గానీ రావడానికి 36లో 15 వంతులు. ఈ లెక్క మా టేబుల్ దగ్గర చెప్పినప్పుడు ఒకతను నవ్వి, "అయితే మన దేశం డబుల్ ఒకట్లు పడి పుట్టిందన్నమాట సామీ" అన్నాడు. ఆట రాసినవాళ్ళ ఊహ ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది. జనం పెరిగితే పాలన జనానికి దూరమవుతుందని వాళ్ళు అనుకున్నారు. అది వాళ్ళ అభిప్రాయం. మీకు వేరే అభిప్రాయం ఉంటే పాచికలు పక్కనపెట్టి నేరుగా 4 రాసుకోండి, ఎవరూ ఏమనరు.

అపోహ: కంపెనీ పాలిస్తే కోడ్ 1

దీనికి మన ఊరి చరిత్రే మంచి పరీక్ష. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి కర్ణాటక రాజ్యం ఈస్టిండియా కంపెనీకి పోయింది. అందులో నెల్లూరూ ఉంది. మరి కంపెనీ వారి నెల్లూరుకు కోడ్ ఎంత? చాలామంది తడుముకోకుండా 1 అంటారు.

కోడ్ 1 వివరణ సరిగ్గా చదివితే, పాలించేది కంపెనీ మేనేజర్లు, పౌరుల్లో ఎక్కువమంది ఆ కంపెనీ ఉద్యోగులు. గని ఉన్న ఉల్క మీద కంపెనీ క్వార్టర్లు, కంపెనీ క్యాంటీను, కంపెనీ జైలు, అదీ 1. నెల్లూరు రైతు కంపెనీ ఉద్యోగి కాడు, శిస్తు కట్టేవాడు. ఎక్కడో ఉన్నవాళ్ళు తెచ్చి నెత్తిన పెట్టిన పాలన కాబట్టి అది 6. పైనున్నది కంపెనీయా, చక్రవర్తా, పక్క గ్రహమా అన్నది తర్వాతి సంగతి. ఈ తేడా ఆటలోనూ కనిపిస్తుంది. 1 ఉన్నచోట మీ ఆటగాళ్ళని "ఏ డిపార్ట్‌మెంట్?" అని అడుగుతారు. 6 ఉన్నచోట ముందు "ఎవరి మనిషివి?" అని అడుగుతారు.

అపోహ: కోడ్ 5 అంటే జమీందార్ల చేతిలో లేజర్ తుపాకులు

దీని పేరు ఫ్యూడల్ టెక్నోక్రసీ. ఫ్యూడల్ అన్న మాట చూడగానే వెంకటగిరి కోట, పల్లకీలు కళ్ళముందుకొస్తాయి. నేనూ మొదట్లో అలాగే ఒక గ్రహం కట్టాను. గుర్రాలు, కోటలు, రోబో కాపలాదార్లు. చూడ్డానికి బాగుంది గానీ ఆటలో దానితో ఏం చేయాలో ఎవరికీ అర్థం కాలేదు.

వివరణలో ఉన్నది వేరే. ఒకరు పాలిస్తారు, ఇంకొకరు పాలించబడటానికి ఒప్పుకుంటారు. వాళ్ళని కలిపి ఉంచేది ఇద్దరికీ లాభం ఉన్న ఒక సాంకేతిక పని. ఇది చదివి వినిపిస్తే మా టేబుల్లో రొయ్యల సాగు చేసే తమ్ముడు, "అన్నా, ఇది మా గుంటల కాడ నడిచేదే గదా" అన్నాడు.

నిజమే. వాడు చెప్పిన తీరు ఇది. సీడ్, అంటే రొయ్యపిల్లలు, అప్పుగా వస్తుంది, మేత అప్పుగా వస్తుంది. ఇచ్చేది మేత డీలరు. నీళ్ళు టెస్టు చేయించి ఏ మందు ఎంత చల్లాలో చెప్పేదీ ఆయన మనిషే. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యలు పైకి తేలి గట్టు వెంబడి తిరుగుతుంటాయి. ఆ టైములో కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రైతు ఫోన్ చేసేది సర్పంచికీ కాదు, ఎమ్మెల్యేకీ కాదు. జనరేటర్ పంపగలిగినవాడికి. పట్టుబడి రోజు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసి రేటు కట్టేదీ అతనే. అతనికెవరూ ఓటెయ్యలేదు, అలాగని బలవంతమూ లేదు. బాకీ తీర్చేస్తే ఇంకో డీలరు దగ్గరికి పోవచ్చు. బాకీ తీరితే.

గుంటని గాలి లేని గ్రహం మీది గుమ్మటంగా, ఏరియేటర్‌ని ఆక్సిజన్ ప్లాంట్‌గా మార్చుకోండి. కోడ్ 5 తయారు. కోటలన్నీ కొట్టేసి ఆ గ్రహాన్ని మళ్ళీ కట్టాను. ఆరు వారాలు ఆడాం.

అపోహ: ఒక గ్రహానికి ఒకే ప్రభుత్వం

కోడ్ 7 ఉన్నదే దీనికోసం. గ్రహం ముక్కలై రకరకాల రాజ్యాలుంటే 7. ఇవాళ్టి మన భూమి ఈ పట్టిక ప్రకారం 7. చాలామంది గమనించని విషయం ఒకటుంది. 7 ఉన్నప్పుడు పక్కన రాసిన లా లెవెల్ గ్రహం మొత్తానిది కాదు, స్టార్‌పోర్ట్‌కి దగ్గరున్న రాజ్యానిది మాత్రమే. కొండ దాటితే లెక్క మారిపోతుంది.

7 కానిచోట కూడా ఒకే ప్రభుత్వం ఉంటుందనుకోవద్దు. మా సముద్రం ఒడ్డున పట్టపుపాళేలు, అంటే జాలర్ల పల్లెలు, చూడండి. అక్కడా గ్రామ పంచాయతీ ఎన్నికలుంటాయి, సర్పంచి ఉంటాడు. కోడ్ 4 అని రాసుకోవచ్చు. కానీ కాపులు, అంటే ఆ పల్లె పెద్దలు, కూర్చుని దురాయి (కట్టుబాటు) వేస్తే ఆ రోజు ఒక్క పడవ కూడా వేటకు కదలదు. కట్టు తప్పినవాడికి తప్పు కట్టించేది కూడా ఆ పెద్దలే. రికార్డులో 4 ఉంటుంది, ఒడ్డున నడిచేది 3. నా నోట్‌బుక్‌లో అందుకే ప్రతి గ్రహానికీ రెండు అంకెలు రాసుకుంటాను, స్టార్‌పోర్ట్ ఆఫీసులో చెప్పేది ఒకటి, రేవులో నడిచేది ఒకటి. ఆటలో గొడవలన్నీ ఈ రెండింటి మధ్య సందులోంచే పుడతాయి.

(సరిహద్దు మారడం, ప్రభుత్వం మారడం ఒకటి కావని కూడా గుర్తుంచుకోండి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం అని పేరు, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఇన్నిసార్లు మారినా కోడ్ 4లో మార్పేమీ లేదు.)

అపోహ: 8, 9 రెండూ ఆఫీసర్ల రాజ్యమే, తేడా లేదు

8లో ఆ పని తెలిసినవాణ్ణి ఎంచి కుర్చీలో కూర్చోబెడతారు. 9లో కుర్చీకీ జనానికీ మధ్య గోడ కట్టేస్తారు.

మొదటిసారి 9 వచ్చినప్పుడు ఆ గ్రహానికి పద్నాలుగు పేజీల రాజ్యాంగం రాశాను. శాఖలు, ఉపశాఖలు, చార్టులు. ఆటగాళ్ళు దిగి అడిగింది ఒక్కటే, "ఇంధనం పట్టించుకోవడానికి పర్మిషన్ ఎక్కడిస్తారు?" నా పద్నాలుగు పేజీల్లో ఒక్క గుమాస్తా లేడు.

ఆ వారమే ఒక సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగాను. మొదటి రోజు ఇంకో జిరాక్స్ తెమ్మన్నారు. రెండో రోజు సారు క్యాంపుకు పోయారు. మూడో రోజు సారున్నారు గానీ సర్వర్ లేదు. నాలుగో రోజు కిటికీ దగ్గరున్నాయన, పాపం మంచాయనే, "నాదేముంది సార్, పైన అప్రూవ్ అవ్వాలి" అన్నాడు. పైన ఎవరని అడిగితే ఆయనకీ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు బండి మీదే నాకు కోడ్ 9 అర్థమైంది. అందులో ఎవడూ చెడ్డవాడు కానక్కర్లేదు, ఎవడి చేతిలోనూ ఏమీ ఉండదంతే. తర్వాతి ఆదివారం రాజ్యాంగం తీసుకురాలేదు. ఒక కిటికీ, ఒక గుమాస్తా, మూడు ఫారాలు తెచ్చాను. ఆటగాళ్ళు నిజంగానే చిరాకుపడ్డారు. ఒకామె ఓడ దొంగిలించి పారిపోదాం పదండి అంది.

అపోహ: బీ అంటే పనికిమాలిన నియంత

కాదు. ఏ అంటే జనం నమ్మిన ఒక్క నాయకుడు. బీ అంటే ఆ నాయకుడు పోయాక మామూలు పద్ధతిలో ఆ కుర్చీలోకొచ్చినవాడు. పాలన బాగానే చేస్తుండొచ్చు. ఆ మెరుపు ఉండదంతే. కాబట్టి బీ వచ్చిన ప్రతి గ్రహంలో కూడలికొక పెద్దాయన విగ్రహం పెట్టండి, ప్రతి ఆఫీసులో ఆయన ఫొటోకి దండ వేయండి. ఉదాహరణ కోసం మీరు ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

అపోహ: లా లెవెల్ 9 అంటే అన్నీ నిషేధమే

పాత పట్టికలో లా లెవెల్ ముఖ్యంగా చెప్పేది ఆయుధాల సంగతి. 3లో మెషిన్‌గన్లు పోతాయి, 7లో షాట్‌గన్లు కూడా పోతాయి, 9లో ఇంటి బయట ఏ ఆయుధమూ ఉండకూడదు. మందు, మాటలు, పెళ్ళిళ్ళు ఇందులో రావు. 1992లో మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఈ పట్టికలో చూస్తే ప్రభుత్వం అంకె మారలేదు, లా లెవెల్ అంకె కూడా మారలేదు. ఇంత పెద్ద విషయం రెండు గడుల్లో ఎక్కడా పట్టలేదంటే, ఆ ఖాళీ రిఫరీ చేత్తో రాసుకోవాల్సిందే.

అపోహ: గ్రహాంతర జాతులకి కూడా ఇదే పట్టిక సరిపోతుంది

ట్రావెలర్‌లో అస్లాన్లని ఒక జాతి ఉంది, చూడ్డానికి సింహాల్లా ఉంటారు. మగవాళ్ళకి భూమంటే ప్రాణం, యుద్ధమంటే ప్రాణం. డబ్బు, వ్యాపారం ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది. వంశాల పాలన కాబట్టి మన పట్టికలో దగ్గర్లో ఉన్న అంకె ఏదో ఒకటి రాసేయొచ్చు. కానీ బేరం ఎవరితో ఆడాలో ఆ అంకె చెప్పదు. తర్వాతి ఎడిషన్లలో వీళ్ళకి వేరే అక్షరాలే ఇచ్చారు.

నేనైతే పట్టిక మూసేసి కాటమరాజు కథ తెరిచాను. కరువుకి తట్టుకోలేక ఆవులమందలు నెల్లూరు సీమకి దిగడం, బీళ్ళలో మేపుకున్నందుకు ఆ సీమ రాజు సిద్ధిరాజుకి పుల్లరి ఇస్తామనడం, ఆ పుల్లరి దగ్గరే మాట తప్పి పాలేటి ఒడ్డున ఖడ్గతిక్కన దాకా అందరూ కత్తులు దూయడం, ఇదంతా చిన్నప్పుడు విన్నదే. అందులో రాజ్యాంగమేమిటని ఎవరూ అడగరు. బీడు ఎవరిది, పుల్లరి ఎవరు తీసుకుంటారు, ఇవ్వకపోతే ఎవరొస్తారు. ఆ మూడు ప్రశ్నల్నీ అస్లాన్ గ్రహం మీద పెట్టాను.

మా వాళ్ళు ఓడనిండా పశువుల మేత వేసుకుని దిగారు. బీడు యజమాని పెద్ద అస్లాన్ దగ్గర రెండు గంటలు కూర్చుని మాట్లాడారు. ఆయన వాళ్ళ ధైర్యం మెచ్చుకున్నాడు, తన తాతల యుద్ధాలు చెప్పాడు, అన్నిటికీ సరేనన్నాడు. సంతోషంగా సరుకు దించబోతుంటే గోదాము దగ్గర ఆయన భార్య లెక్కల పుస్తకంతో నిలబడి ఉంది.

"ఆయనతో మాట్లాడారా? మంచిది," అంది. "మరి ధర ఎవరితో మాట్లాడారు?"