పండగింట్లో పిల్లి, ఛాతీలో పిల్లికూతలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కనుమ మర్నాటి నుంచి నా ఓపీకి ఒక రకం పేషెంట్లు వరసకడతారు. కళ్లు ఎర్రగా ఉంటాయి, ముక్కు రుద్ది రుద్ది కందిపోయి ఉంటుంది, చేతిలో మందుల షాపతను ఇచ్చిన యాంటీబయాటిక్ స్ట్రిప్ అప్పటికే సగం ఖాళీ. "ఊళ్లో చలికి జలుబు చేసిందండీ" అంటారు. జ్వరం ఉందా అంటే లేదు. దురద ఉందా అంటే మాత్రం, "అబ్బో, కళ్లు, ముక్కు, అంగిలి అన్నీ దురదే!" మామూలు జలుబుకి అంత దురద ఉండదు. దిగిన ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉందా అని అడుగుతాను. అప్పుడు పక్కన కూర్చున్నావిడ భర్త వంక ఒక చూపు చూస్తుంది, నేను ముందే చెప్పలేదూ అన్నట్టు.

నేను ఛాతీ జబ్బులు, అలర్జీలు చూసే డాక్టర్ని. దానికి తోడు నాకే పిల్లి పడదు. కాబట్టి కింద రాసినవన్నీ నేను పేషెంట్ల నోటా విన్నాను, బంధువుల నోటా విన్నాను.

అపోహ: "వెంట్రుకల వల్లే కదా, మొన్ననే ట్రిమ్మింగ్ చేయించాం"

వెంట్రుక పాపం దాని మానాన అది ఉంటుంది. అలర్జీ తెప్పించేది దానికి అంటుకున్న ప్రొటీన్లు. అవి జంతువు లాలాజలంలో, చర్మం నుంచి రాలే సన్నటి పొట్టులో, మూత్రంలో ఉంటాయి. పిల్లి విషయంలో అసలు దోషి ఫెల్ డి 1 అనే ప్రొటీన్. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది కదా, ఆ ఎంగిలి ఆరి, కంటికి కనపడని పొడిగా మారి గాల్లోకి లేస్తుంది. అది ఎంత తేలికంటే గంటల తరబడి కిందకి దిగకుండా తేలుతూ ఉంటుంది, ఎంత జిగురంటే బట్టలకు అంటుకుని పిల్లి మొహం కూడా చూడని ఇళ్లకీ స్కూళ్లకీ చేరిపోతుంది. గుండు గీయించినా చర్మం అదే, నాలుక అదే. ఇక కుక్క వెంట్రుక అన్నంలో పడి కడుపులోకి పోతే ఉబ్బసం వస్తుందని మా నాన్నమ్మ తరం గట్టిగా నమ్మేది. అదీ నిజం కాదు.

అపోహ: "మా కుక్కకి ఇంజెక్షన్లన్నీ వేయించాం, ఏం కాదు"

చాలా మంచి పని చేశారు, కానీ ఆ ఇంజెక్షన్లు రేబిస్ లాంటి జబ్బులు రాకుండా. అలర్జీ అనేది కుక్కకున్న జబ్బు కాదు, వచ్చిన చుట్టం ఒంటి తీరు. ఎంత శుభ్రమైన, ఎంత ఆరోగ్యమైన కుక్కయినా పడనివాళ్లకి పడదు. (మాట వచ్చింది కాబట్టి: పండగ హడావిడిలో పిల్లలకి గోరు గీరుకుని రక్తం వస్తే, పెంపుడుదే కదా అని వదిలేయకండి. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం వద్దు.)

అపోహ: "మీరొస్తున్నారని పొద్దున్నే పెరట్లో కట్టేశాం"

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేదీ ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మా మేనత్తది కోనసీమలో ఒక పల్లె. కొన్నేళ్ల కిందట సంక్రాంతికి వెళ్లాను. ఆవిడకో బూడిద రంగు పిల్లి, పేరు చిట్టి. నేనొస్తున్నానని రెండు రోజుల ముందే దాన్ని బయటకి తోలేసి, ముందు గదిలో పట్టె మంచం వేసి, తన చేత్తో కుట్టిన బొంత పరిచింది. రాత్రి రెండింటికి తుమ్ములతో మెలకువ వచ్చింది. కళ్లు తెరుచుకోవడంలేదు, ఛాతీలో సన్నగా ఈల. ఆ ఈలని తెలుగులో పిల్లికూతలు అంటాం, ఆ రాత్రి ఆ మాట నాకు అతికినట్టు సరిపోయింది. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే బొంత కుట్ల మధ్య వరసగా బూడిద రంగు వెంట్రుకలు, దారంతో పాటు కుట్టేసినట్టు. మా అత్త లేచొచ్చి నా మొహం చూసి బెంబేలెత్తిపోయింది. "అది రెండ్రోజుల్నుంచి గుమ్మం తొక్కలేదురా అబ్బాయ్, ఒట్టు!" అంది. ఆవిడ చెప్పింది నిజమే. పిల్లి రాలేదు, కానీ అంతకుముందు రెండేళ్లుగా దాని పగటి నిద్రంతా ఆ బొంత మీదే. మిగతా రాత్రి నేను కారులో అద్దం కాస్త దించుకుని పడుకున్నాను. తెల్లవారుజామున భోగి మంటకి పోతున్న పిల్లలు అద్దం మీద కొట్టి నిద్ర లేపారు.

పిల్లిని ఇంట్లోంచి శాశ్వతంగా పంపేసినా, ఆ ప్రొటీన్ పిల్లి లేని ఇళ్లల్లో ఉండే స్థాయికి తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. మరి పొద్దున కట్టేస్తే సాయంత్రానికి ఏం మారుతుంది? పరుపు, సోఫా, తివాచీ, కర్టెన్లు, దిండ్లు, ఇవే దాని నివాసం. కాబట్టి మీరు అడగాల్సింది "పిల్లిని కట్టేస్తారా" అని కాదు, "అది అసలు వెళ్లని గది ఏదైనా ఉందా" అని. ఆ గదిలో పడుకోండి, తలుపు వేసి ఉంచండి. దుప్పటి, దిండు మీ ఇంటి నుంచి తీసుకెళ్లండి. అత్తగారు చిన్నబుచ్చుకుంటే డాక్టర్ చెప్పాడని నా మీద తోసేయండి, నాకు అలవాటే. రోజూ రాత్రి పడుకోబోయే ముందు తలస్నానం చేసి బట్టలు మార్చుకోండి, ఎందుకంటే పగలంతా జుట్టుకి పట్టించుకున్నది రాత్రి దిండుకి పట్టిస్తారు. సూట్‌కేసు ఎప్పుడూ మూసే ఉంచండి.

మన ఇళ్లకో సుగుణం ఉంది, గచ్చు నేల. తడిగుడ్డ పెడితే చాలావరకు పోతుంది. చీపురుతో పొడిగా ఊడిస్తే మాత్రం కింద ఉన్నది పైకి లేస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకి అక్కడి ఇళ్లల్లో గోడ నుంచి గోడ దాకా పరిచే కార్పెట్‌తో చిక్కు, అది ఏళ్ల తరబడి అంతా దాచుకుంటుంది. కార్పెట్ లేని గది ఉంటే అది అడిగి తీసుకోమనండి.

కారు సంగతీ చెప్పాలి. హైదరాబాద్ నుంచి కుక్కతో సహా ఒకే కారులో, ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని పండక్కి బయల్దేరతారు. పంతంగి టోల్‌గేటు దగ్గర సంక్రాంతి రద్దీ ఎలా ఉంటుందో విజయవాడ రోడ్డు ఎక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊరు చేరకముందే సగం అలర్జీ అక్కడే మొదలవుతుంది.

అపోహ: "మాది అలర్జీ రాని జాతి, అందుకే అంత డబ్బు పెట్టి కొన్నాం"

అలాంటి జాతి లేదు. 2011లో అమెరికాలో, 2012లో నెదర్లాండ్స్‌లో వచ్చిన రెండు అధ్యయనాలు ఇదే చూశాయి. "అలర్జీ రాని" జాతులున్న ఇళ్లల్లో ప్రొటీన్ తక్కువేం లేదు. డచ్ వాళ్ల పరీక్షలో అయితే ఆ జాతుల బొచ్చులోనే ఎక్కువ ఉంది. పూడుల్ అయినా, లాబ్రడూడుల్ అయినా, మన వీధి కుక్క అయినా ఇందులో ఒకటే. ఒక చిన్న మినహాయింపు మాత్రం ఉంది. కుక్క ప్రొటీన్లలో క్యాన్ ఎఫ్ 5 అనేది మగ కుక్కల్లోనే తయారవుతుంది, కేవలం దానికే అలర్జీ ఉన్నవాళ్లు ఆడ కుక్కతో ఇబ్బంది లేకుండా ఉండొచ్చు. కానీ అది పరీక్షలో తేలాలి, చూసి చెప్పేది కాదు. స్నానం చేయిస్తే తగ్గుతుందా అంటే తగ్గుతుంది, కొద్ది రోజులే. ఫలితం నిలవాలంటే కుక్కకి వారానికి రెండుసార్లు చేయించాలి. పిల్లికి స్నానం చేయించే ధైర్యం ఉంటే మీ ఇష్టం.

అపోహ: "చిన్నప్పట్నుంచీ దానితోనే పెరిగాడు, ఇప్పుడు కొత్తగా అలర్జీ ఏంటి?"

హాస్టల్ నుంచి సెలవులకి వచ్చే ఇంజనీరింగ్ పిల్లల అమ్మలు ఈ మాట అంటారు, కొందరు "వాడికి ఇల్లంటే ఇష్టం తగ్గింది" దాకా వెళ్తారు. రోజూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు కొందరి శరీరం ఆ ప్రొటీన్‌కి కాస్త సర్దుకుని ఉంటుంది. నెలల తరబడి దూరంగా ఉంటే ఆ సర్దుబాటు పోతుంది, తిరిగి ఇంట్లో అడుగుపెట్టగానే తుమ్ములు. అమెరికాలో దీనికి "థ్యాంక్స్‌గివింగ్ ఎఫెక్ట్" అని పేరే పెట్టారు, కాలేజీ పిల్లలు నవంబర్ పండక్కి ఇంటికొచ్చి పిల్లి దగ్గర తుమ్మడం చూసి. మనం దసరా తుమ్ములు అనుకోవచ్చు. దీన్నే తిరగేసి, "నాలుగు రోజులు ఒళ్లో కూర్చోబెట్టుకుంటే అదే అలవాటవుతుంది" అనుకోకండి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్న పిల్లలతో ఆ ప్రయోగం వద్దు.

అపోహ: "ఓ సెట్రిజిన్ వేసుకుంటే సరి"

సెట్రిజిన్ చెడ్డ మందు కాదు. తుమ్ములు, దురద, నీళ్లు కారడం తగ్గిస్తుంది. కానీ పని మొదలుపెట్టడానికి గంట అటూ ఇటూ పడుతుంది, కాబట్టి మొహం వాచాక కాదు, గుమ్మం ఎక్కకముందే వేసుకోవాలి. కొందరికి మత్తుగా ఉంటుంది. అవిల్ లాంటి పాతరకం మాత్రలు ఇంకా మత్తు, వేసుకుని స్టీరింగ్ పట్టకండి. ఫెక్సోఫెనడిన్‌తో మత్తు చాలా తక్కువ, కానీ దాన్ని కమలా రసంతోనో యాపిల్ రసంతోనో మింగితే ఒంటికి సరిగ్గా పట్టదు, మంచినీళ్లతోనే వేసుకోవాలి.

ముక్కు దిబ్బడకి అసలు పనిచేసేది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే భయపడతారు గానీ, అది ఎక్కువగా ముక్కు వరకే పనిచేస్తుంది. చిక్కేమిటంటే పూర్తి ఫలితానికి రోజులు పడుతుంది, అందుకే ప్రయాణానికి ఒకటి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. భోగి ముందు రోజు రాత్రి నాకు ఫోన్ చేసి అడిగేవాళ్లకి దాంతో పెద్ద ఉపయోగం ఉండదు. కొట్టుకునే పద్ధతి కూడా నూటికి తొంభై మంది తప్పే చేస్తారు (లెక్క నాదే, రోజూ చూస్తుంటాను కదా). తల వెనక్కి వాల్చి, ముక్కు మధ్య గోడకేసి కొట్టేస్తారు, మందు గొంతులోకి జారుతుంది, గోడ ఎండి రక్తం వస్తుంది. తల కొద్దిగా ముందుకి వంచండి. ఎడమ ముక్కుకి కుడి చెయ్యి, కుడి ముక్కుకి ఎడమ చెయ్యి వాడితే గురి దానంతటదే బయటి గోడ వైపు వెళ్తుంది. గట్టిగా ఎగపీల్చకండి.

జలనేతి చేసేవాళ్లు చేయొచ్చు, ముక్కులో చేరినదంతా కడిగేస్తుంది. మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి, బోరు నీళ్లూ కుళాయి నీళ్లూ నేరుగా వద్దు. ఆవిరి పడితే ఆ కాసేపు హాయిగా ఉంటుంది, అలర్జీ అయితే పోదు, పిల్లలు గిన్నె మీద పడి కాలిన కేసులు చూశాను.

అపోహ: "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, పండగ నాలుగు రోజులూ ఆపేద్దాం"

నాకు కోపం వచ్చేది దీనికొక్కదానికే. ఉబ్బసం ఉన్నవాళ్లకి పిల్లి ఇల్లు తుమ్ములతో ఆగకపోవచ్చు. రోజూ పీల్చే మందు ఒక్క పూట కూడా ఆపకండి. ఎమర్జెన్సీ ఇన్‌హేలర్ డిక్కీలో సూట్‌కేసు అడుగున కాదు, చేతి సంచిలో ఉండాలి, ఎక్స్‌పైరీ చూసుకోండి, పిల్లలకైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) మర్చిపోకండి. పీల్చినా తగ్గకుండా ఆయాసం పెరుగుతుంటే, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతుంటే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటుంటే, పెదాలు నీలంగా మారితే వెంటనే 108. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

అపోహ: "సాంబ్రాణి వేస్తే గది శుభ్రమవుతుంది"

వాసన మారుతుంది, ప్రొటీన్ ఎక్కడిదక్కడే. పొగ మాత్రం ఊపిరితిత్తులకి అదనం. అగరొత్తులు, రూమ్ ఫ్రెషనర్లు కూడా అంతే.

అపోహ: "అంతా ఆ కుక్క వల్లే"

ఇప్పుడు కుక్క తరఫున. సంక్రాంతికి మన ఊళ్లల్లో ఏమేం జరుగుతాయో చూడండి: అటక మీద పరుపులు దించుతారు, వాటి నిండా దుమ్ము పురుగులు. గోడలకి సున్నాలు, రంగులు. భోగి పొగ. కనుమకి పశువుల కొట్టం, గడ్డివాము. పశువుల ఒంటి పొట్టుకీ అలర్జీ ఉంటుంది. ఇన్ని పెట్టుకుని నెపం కుక్క మీద వేస్తాం. ఏది పడదో తెలియాలంటే స్కిన్ ప్రిక్ టెస్ట్ ఉంది. ముంజేతి మీద ఒక్కో చుక్క వేసి సన్నగా గుచ్చుతాం, 15-20 నిమిషాల్లో దద్దురు లేస్తుందో లేదో చూస్తాం. దానికి ముందు ఐదు నుంచి ఏడు రోజులు సెట్రిజిన్ లాంటివి ఆపాలి, లేకపోతే ఉన్న అలర్జీ కూడా లేదని వస్తుంది. ఆపడం కుదరనివాళ్లకి రక్తపరీక్ష ఉంది. వందల పేర్ల జాబితాతో వచ్చే ప్యాకేజీలు పట్టుకొస్తారు కొందరు. కాగితం మీద పాజిటివ్ ఉండీ, ఎప్పుడూ ఒంటికి ఏమీ కానిదాన్ని అలర్జీ అనరు. ఏటా తప్పనిసరిగా వెళ్లాల్సిన ఇల్లయితే, పిల్లి అలర్జీ బాగా వేధిస్తుంటే, ఇమ్యునోథెరపీ (పడని ప్రొటీన్‌నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స) గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. మూడు నుంచి ఐదేళ్ల పని అది, ఈ సంక్రాంతికి అందదు.

అపోహ: "రాకూడదనుకుని అలర్జీ వంక పెడుతోంది"

ఇది ఎక్కువగా కోడళ్ల మీద పడుతుంది. అల్లుడు తుమ్మితే ఇల్లంతా కదులుతుంది, కోడలు తుమ్మితే "మా ఇల్లు పడట్లేదు" అవుతుంది. నేను చెప్పేదేంటంటే, ఫోన్ మీరు కాదు, ఆ ఇంటి బిడ్డే చేయాలి. భార్యకి పడకపోతే భర్త తన అమ్మకి, భర్తకి పడకపోతే భార్య తన అమ్మకి. అదీ రెండు మూడు వారాల ముందు, గుమ్మంలో చెప్పులు విప్పుతూ కాదు. అడిగేది కూడా చిన్నదే: ఒక గది, ఉతికిన పక్క, తలుపు మూసి ఉంచడం. గదే దొరకకపోతే ఊళ్లోనే ఇంకొకరింట్లో పడుకుని, భోజనాలకి అరుగు మీద కలవండి, పండగ ఏం తగ్గదు.

మా అత్త ఇప్పుడు ముందు గదిలోకి చిట్టిని ఏడాది పొడవునా రానివ్వదు. ఆ బొంత దానికే ఇచ్చేసింది, పెరటి అరుగు మీద పరుచుకుని పడుకుంటుంది. నేను వెళ్లినప్పుడు మాత్రం గది గుమ్మం ముందే కూర్చుని లోపలికి చూస్తూ ఉంటుంది, వీడెవడు నా గది ఆక్రమించాడు అన్నట్టు.