2009 తీర్పు కాదు, 2015 సెక్షన్ చూడాలి

మేధో వైకల్యం ఉన్న తల్లి నుంచి బిడ్డను తీసుకెళ్లారన్న వార్త వచ్చినప్పుడల్లా చర్చ 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు దగ్గరే తిరుగుతుంది. చండీగఢ్ ప్రభుత్వ వసతి గృహంలో అత్యాచారానికి గురై గర్భవతైన, మేధో వైకల్యం ఉన్న అనాథ యువతి కేసది. గర్భం తీసేయమంది హైకోర్టు. బిడ్డ కావాలందామె. సుప్రీంకోర్టులో ఆమె మాటే నిలిచింది. ఇదంతా తెలిసిందే. పెద్దగా ఎవరూ గుర్తుపెట్టుకోని సంగతేమిటంటే, బిడ్డ పెంపకంలో తోడుంటామని, మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ కోర్టుకు చెప్పింది. పెంచగలదా అన్న ప్రశ్నకు ఆమె తెలివితేటలతో పాటు చుట్టూ దొరికే సాయాన్నీ లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

ఆరేళ్లకే ఆ లెక్క మారింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 38(3) ప్రకారం, మరే చట్టంలో ఏమున్నా సరే, మేధో వైకల్యం ఉన్న తల్లిదండ్రుల బిడ్డను దత్తతకివ్వొచ్చని బాలల సంక్షేమ కమిటీ ప్రకటించవచ్చు. అదే వాక్యంలో అత్యాచార బాధితురాలి బిడ్డ ప్రస్తావనా ఉంది. అక్కడైతే తల్లి వద్దనుకున్న బిడ్డ అన్న షరతు పెట్టారు. మేధో వైకల్యం ఉన్న తల్లిదండ్రుల విషయంలో అదీ లేదు. బిడ్డను కొట్టారా, పస్తు పెట్టారా అన్న ఊసే లేదు.

పసిబిడ్డ ప్రమాదంలో పడేదాకా ఆగలేమని, విచారించాకే నిర్ణయిస్తామని అధికారుల వాదన. ఆ భయం ఉత్తది కాదు. కానీ అసమర్థులైన తల్లిదండ్రుల పిల్లల కోసం అదే చట్టంలో సెక్షన్ 2(14) ఉండనే ఉంది. ఇక వైకల్యాన్ని విడిగా పేర్కొనడం దేనికి? ఐక్యూ (తెలివితేటల కొలత) రాసిన కాగితం చూస్తే తల్లి పాలసీసా మరిగించి కడుగుతోందో లేదో తెలియదు. మందు కొలత చదవలేని తల్లి, మూత మీద రంగు గీత గీసిస్తే అక్కడిదాకా పోసి పట్టగలదు. ఆ గీత గీసే మనిషిని పంపాలని మాత్రం 38(3) అడగదు.

బిడ్డ వైకల్యాన్ని గానీ తల్లిదండ్రుల వైకల్యాన్ని గానీ సాకుగా చూపి విడదీయొద్దని దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 23వ అధికరణం చెబుతోంది. భారత్ 2007లోనే దాన్ని ఆమోదించింది. దాని అమలుకే తెచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 9లో బిడ్డ వైకల్యం వరకే రాసి ఊరుకుంది. తల్లిదండ్రుల మాట అందులో లేదు.

ఫలితం చూడండి. వైకల్యం ఉన్న బిడ్డను ఆ కారణంతో విడదీయాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. వైకల్యం ఉన్న తల్లి బిడ్డ విషయంలో కమిటీ ప్రకటన చాలు. 2021 సవరణతో దత్తత ఉత్తర్వు కూడా జిల్లా మేజిస్ట్రేట్ చేతికి వెళ్లింది. ఆ తల్లి తరఫున ఎవరో ఒకరు అప్పీలు వేస్తే తప్ప, ఫైలు కోర్టు గడప తొక్కే పనే లేదు.