తోతాపురికి నాలుగు రూపాయలు

2025 మామిడి సీజన్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి రకం మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. పాత గుజ్జే అమ్ముడుపోక ఫ్యాక్టరీలు వెనకాడాయి, ధర పడిపోయింది. రైతుకు కిలోకి 12 రూపాయలు అందాలని రాష్ట్ర ప్రభుత్వం తేల్చింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ఖజానా ఇస్తుంది. ఆ ఎనిమిది పూర్తిగా చేతికి రాలేదని రైతులు మొత్తుకున్నారు, అది పెద్ద గొడవే. ఇక్కడ మాత్రం ఆ నాలుగు రూపాయల వెంట నడుద్దాం.

దామలచెరువు వైపు ఒక రైతు ఖాతాలో అవి పడ్డాయనుకోండి. కోత కూలి, ట్రాక్టర్ బాడుగ, ఎరువుల అంగట్లో పాత బాకీ. కూలి తీసుకున్నామె ఆ సాయంత్రమే సరుకులు కొంటుంది. ఒకరి ఖర్చు ఇంకొకరి రాబడి అవుతూ పోతుంది, దారిలో పన్నూ పడుతుంది. ఎరువు బస్తా మీద జీఎస్టీ 5 శాతం, సగం రాష్ట్రానికి, సగం కేంద్రానికి. ట్రాక్టర్లో పోసిన డీజిల్ జీఎస్టీ కిందికి రాదు, దాని మీద రాష్ట్రం వ్యాట్, కేంద్రం ఎక్సైజ్ వేస్తాయి. అలా ఇచ్చినదాంట్లో కొంత ఖజానాకే తిరిగి చేరుతుంది. ఎంత చేరుతుందనేది డబ్బు ఎవరి చేతికి వెళ్లిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇబ్బందిలో ఉన్నవాడికిస్తే వారం తిరక్కుండా బజారుకొస్తుంది, మిగులున్నవాడికిస్తే బ్యాంకులో కూర్చుంటుంది. పనుల్లేక మనుషులు ఖాళీగా ఉన్నప్పుడు ఇలాంటి ఖర్చు పని పుట్టిస్తుంది. అందరికీ చేతినిండా పనున్నప్పుడు అదే ఖర్చు ధరలు పెంచుతుంది.

మరి ఆ డబ్బు ఎక్కడిది? కొంత పన్నులది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లే దేశాన్ని మోస్తున్నారన్న మాట తరచూ వింటాం. కానీ సబ్బు కొన్న కూలి మనిషీ జీఎస్టీ కడుతోంది. చాలనిదానికి అప్పు చేస్తారు. రాష్ట్రాల బాండ్లను, అంటే అప్పు పత్రాలను, రిజర్వ్ బ్యాంకు మామూలుగా మంగళవారాల్లో వేలం వేస్తుంది. బ్యాంకులు, బీమా కంపెనీలు, పీఎఫ్ నిధులు కొంటాయి. బ్యాంకులైతే తమ డిపాజిట్లలో సుమారు 18 శాతం ఇలాంటి భద్రమైన పత్రాల్లో పెట్టి తీరాలి. తిరుపతిలో రిటైరైన టీచరు వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కొంత ప్రభుత్వానికి అప్పుగా వెళ్తుందన్నమాట.

అందుకే 'తలకింత అప్పు' అని టీవీల్లో చెప్పే లెక్క నాకు సగం లెక్కగానే కనిపిస్తుంది. ఆ అప్పే ఇంకొకరి పొదుపు. అలాగని భారం లేదని కాదు. వడ్డీ కట్టేది అందరి పన్నులతో, అందుకునేది పొదుపున్నవాళ్లు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఖర్చయ్యే ప్రతి రూపాయిలో 20 పైసలు వడ్డీకే పోతాయి, వచ్చే రూపాయిలో 24 పైసలు అప్పే.

అప్పు మోయగలమా లేదా అని చూడాలంటే రాష్ట్ర ఉత్పత్తి, అంటే ఏడాదిలో రాష్ట్రంలో పుట్టే సరుకులు, సేవల మొత్తం విలువ, ఎంత వేగంగా పెరుగుతోందో దానితో వడ్డీ రేటును పోల్చాలి. రాష్ట్ర ఉత్పత్తి 300, అప్పు 100, వడ్డీ 7 శాతం అనుకుందాం. ఆ వడ్డీ కూడా అప్పు చేసే కట్టినా ఏడాదికి అప్పు 107 అవుతుంది. ఉత్పత్తి 10 శాతం పెరిగి 330 అయితే అందులో అప్పు వాటా 33.3 నుంచి 32.4 శాతానికి దిగుతుంది. ఉత్పత్తి 5 శాతమే పెరిగితే 34కి ఎక్కుతుంది. అసలు సొమ్ము తీర్చకపోయినా భారం తగ్గవచ్చు, కొత్త ఖర్చేమీ చేయకపోయినా పెరగవచ్చు.

కేంద్రానికి, రాష్ట్రానికి ఒక పెద్ద తేడా ఉంది. రూపాయిని జారీ చేసే రిజర్వ్ బ్యాంకు రాష్ట్రం చేతిలో లేదు. కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా రాష్ట్రం అప్పు చేయకూడదు. ఏడాదికి రాష్ట్ర ఉత్పత్తిలో సుమారు 3 శాతమే మామూలు పరిమితి. ప్రభుత్వ కార్పొరేషన్ల పేరుతో తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పుల్ని కూడా 2022 నుంచి ఈ లెక్కలోనే కలుపుతున్నారు.

బడ్జెట్ వచ్చినప్పుడు మొత్తం అప్పు కంటే ముందు రెవెన్యూ లోటు అంకె చూడండి. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల్లాంటి రోజువారీ ఖర్చుకు సొంత రాబడి ఎంత తక్కువైందో అది చెబుతుంది. ధర పడిపోయిన ఏడాది మామిడి రైతుకిచ్చిన నాలుగు రూపాయలు ఈ పద్దులోవే, ఆ ఏడాదికి అవి అవసరమే. గుజ్జు నిల్వలకు, కొత్త మార్కెట్లకు దారి చూడకుండా ఏటా అప్పు తెచ్చి ఇవే ఇస్తూపోతే, వడ్డీ కట్టడానికి పనికొచ్చే రాబడి ఎక్కడా పుట్టదు.