మేక్ క్లీన్ చేసినా పాత ఆప్షన్లే ఎందుకు వస్తాయి?

ఒంగోలులో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్ల పని చేస్తాను. పోర్టుల (ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి తయారుచేసే సూచనలున్న ఫోల్డర్ల) నుంచి సాఫ్ట్‌వేర్ కంపైల్ చేసేవారిలో ఈ అపోహలు పదేపదే చూస్తున్నాను.

అపోహ: మేక్ క్లీన్ అనే ఆదేశం ఇస్తే అంతా మొదటికి వస్తుంది.

వాస్తవం: అది తుడిచేది కంపైల్ కోసం ఏర్పడిన వర్క్ ఫోల్డర్‌ను మాత్రమే. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ సౌకర్యాలు కావాలో, వద్దో మీరు ఎంచుకున్న ఆప్షన్లు వేరే చోట, వార్ అనే ఫోల్డర్‌లోని డీబీ కింద పోర్ట్స్ అనే ఫోల్డర్‌లో భద్రంగా ఉంటాయి. డీఇన్‌స్టాల్ చేసినా అవి కదలవు.

మొన్న కావలి నుంచి ఒక విద్యార్థి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఎప్పుడో పరీక్ష కోసం ఎన్జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పోర్టులో డీబగ్ లాగ్ ఆప్షన్‌కు టిక్ పెట్టాడట. "మూడుసార్లు క్లీన్ చేశాను సార్, అది పోవడం లేదు" అన్నాడు. ఆ పోర్టు పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిపించాను. లోపల ఆప్షన్స్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు. అందులో ఒక వరుసలో అతను పెట్టిన టిక్ అలాగే ఉంది. పోర్టు డైరెక్టరీలోకి వెళ్లి భద్రపరచిన ఎంపికలను చెరిపే మేక్ ఆర్ఎంకాన్ఫిగ్ ఇచ్చాడు, ఆ తర్వాత మేక్ క్లీన్. ఆప్షన్లు ఎంచుకునే మేక్ కాన్ఫిగ్ ఇవ్వగానే వచ్చిన నీలి తెరలో ఆ గడి ఖాళీగా కనిపించింది. అతని ముఖం వెలిగిపోయింది.

అయితే ఆర్ఎంకాన్ఫిగ్ ఇచ్చినంత మాత్రాన అప్పటికే ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాం మారిపోదు. మళ్లీ కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

అపోహ: అన్ని పోర్టులకూ వర్తించే సెట్టింగ్స్ ఫైలైన మేక్ డాట్ కాన్ఫ్‌లో రాస్తే చాలు, పాత ఎంపికలు వాటంతట అవే రద్దవుతాయి.

వాస్తవం: అనుభవం ఉన్నవారు కూడా ఇక్కడే పొరపడతారు. ఆప్షన్లను చదివే వరుస ఇది: ముందు పోర్టు తయారుచేసినవారి డిఫాల్టులు, వాటిపైన మేక్ డాట్ కాన్ఫ్‌లోని ఆప్షన్స్ సెట్, అన్‌సెట్ వరుసలు, ఆపైన భద్రపరచిన ఫైలు. చివరగా చదివేదే నెగ్గుతుంది. కాబట్టి ఒక ఆప్షన్‌ను అన్ని పోర్టుల్లోనూ ఆపాలని మీరు రాసినా, పాత ఫైలులో దానికి టిక్ ఉంటే ఆ పోర్టులో అది ఆగదు. ముందు ఆ ఫైలును తీసేయండి. మేక్ షోకాన్ఫిగ్ ఇస్తే ప్రస్తుతం ఏది అమల్లో ఉందో కనిపిస్తుంది.

అపోహ: ఎందుకైనా మంచిదని ప్రతిసారీ ఆర్ఎంకాన్ఫిగ్ రికర్సివ్ ఇవ్వాలి.

వాస్తవం: వద్దని గట్టిగా చెబుతాను. ఆ పోర్టు ఆధారపడే పోర్టులన్నిటి ఎంపికలనూ అది చెరిపేస్తుంది. వాటిలో ఏ ఆప్షన్ ఎందుకు మార్చారో ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. తప్పనిసరైతే, డీబీ కింద ఉన్న ఆ పోర్ట్స్ ఫోల్డర్‌ను ముందుగా వేరే చోటికి కాపీ చేసుకోండి. అందులో ఉన్నవన్నీ చిన్న టెక్స్ట్ ఫైళ్లే, క్షణంలో పూర్తవుతుంది.