దొంగ పాత్రకి గతం ఎప్పుడొచ్చింది?

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఓ పాత్ర ఎంచుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి). అది ఆడేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగువు ఒకటుంది. దొంగ పాత్ర ఆడేవాడు తోటివాడి సంచిలోంచి గాయాలు మాన్పే మందు కొట్టేస్తాడు. ఇదేం పనని నిలదీస్తే, "నా పాత్ర అంతే, ఆకలితో పెరిగినవాడు" అంటాడు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన ఈ ఆట వెలువడినప్పుడు ఈ జవాబుకి పెద్దగా చోటు లేదు. మూడేసి పాచికలు వేసి బలం, తెలివి వగైరా తేల్చుకుని నేలమాళిగలోకి దిగడమే. తొలి పోరులోనే చచ్చిపోయే పాత్రకి జీవితచరిత్ర ఎవరు రాస్తారు? మంచిచెడ్డలకి ధర్మం, తటస్థం, అరాచకం అని మూడే పక్షాలు. 1978కల్లా అవి తొమ్మిదయ్యాయి. పాలడిన్ అనే పవిత్ర యోధుడి పాత్ర తెలిసి పాపం చేస్తే ఆ హోదా శాశ్వతంగా పోయేది. ఎందుకు చేశాడన్నది ఎవరికీ పట్టేది కాదు.

1991లో వచ్చిన వాంపైర్: ది మాస్కరేడ్ అనే ఇలాంటి మరో ఆట అసలైన మలుపు. అక్కడ ఆటగాడే రక్తపిశాచి, రక్తం తాగక తప్పదు. ప్రతి పాత్రకీ మానవత్వం అనే కొలమానం ఉంటుంది. హత్యలాంటి పని చేశాక అంతరాత్మ పేరిట పాచికలు వేయాలి, ఓడితే ఓ మెట్టు దిగాలి. సున్నాకి చేరితే పాత్ర ఆటగాడి చేయి జారిపోతుంది. గతం ఎంత దయనీయమైనా మినహాయింపు లేదు. ఈ విషయంలో ఇంతకంటే నిజాయితీగల నియమం నాకు కనబడలేదు.

2014 నాటి డి అండ్ డి అయిదో కూర్పు పాత్ర కాగితం మీదే ఆదర్శం, బంధం, లోపం అని గళ్లు గీసిచ్చింది. లోపానికి తగ్గట్టు ఆడితే ఇన్‌స్పిరేషన్ అనే బహుమతి కూడా పెట్టింది. కొత్తవాళ్ల పాత్రలకి లోతు వచ్చిన మాట నిజం. దాంతోపాటే లోపాన్ని అనుమతిపత్రంలా చూపించడం కూడా తేలికైంది. మన పురాణాల్లో హిరణ్యకశిపుడికి జయవిజయుల శాపం వెనక కథగా ఉంది, అయినా ప్రహ్లాదుణ్ణి పెట్టిన హింసని ఎవరూ మాఫీ చేయలేదు.

పాత్ర చేసే తప్పు బల్ల దగ్గర కూర్చున్న నిజం మనిషికి తగులుతుంది. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డు, అంటే బల్ల మీద పెట్టే X గుర్తు కార్డు, అందుకే. దాన్ని ఎవరు తాకినా, కారణం అడక్కుండా ఆ ఘట్టం వదిలేస్తారు. ఆటకి ముందు కూర్చుని మాట్లాడుకునే 'సెషన్ జీరో' 2020లో డి అండ్ డి అధికారిక పుస్తకంలోకే ఎక్కింది. తోటివాళ్ల దగ్గర దొంగతనం చేయొచ్చా లేదా అన్నది ఇప్పుడు చాలా బల్లల దగ్గర అక్కడే తేలుతోంది, దొంగ గతం ఎవరూ చదవకముందే.