కోపం వచ్చింది, భయం వేసింది: బరంపురంలో మైండ్‌ఫుల్‌నెస్ వెనక కథ

"గాబరాగా ఉందండీ." ఒడిశాలోని బరంపురంలో తెలుగువాళ్లు కౌన్సెలింగుకు వస్తే తరచూ ముందు చెప్పేది ఇదే. భయం, కోపం, దిగులు, గుండెదడ అన్నీ ఆ ఒక్క మాటలోనే ముడిపడి ఉంటాయి. మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో లోపలా బయటా జరిగేదాన్ని ఎరుకతో గమనించడం, నేర్పడం ఆ ముడి విప్పించడంతోనే మొదలవుతుంది.

ఈ విద్యకు మూలం బుద్ధుడు చెప్పిన 'సతి', అంటే ఎరుక. బౌద్ధం ఇక్కడికి కొత్త కాదు. గంజాం జిల్లా జౌగఢ్ బండ మీద అశోకుడి శాసనం ఇప్పటికీ ఉంది. సతిని పాళీ పండితుడు రిస్ డేవిడ్స్ 1881లో మైండ్‌ఫుల్‌నెస్ అని ఇంగ్లీషు చేశాడు. బర్మాలో సంసారుల దాకా వచ్చిన విపశ్యన అనే బౌద్ధ ధ్యానాన్ని గురువు ఎస్.ఎన్. గోయెంకా 1969లో మన దేశానికి తెచ్చారు. పదేళ్లకు మసాచుసెట్స్‌లో జాన్ కబట్-జిన్ ఇలాంటి ధ్యానాన్ని మొండినొప్పుల రోగులకు శిక్షణగా మలిచాడు.

అసలు మలుపు అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లైనహాన్‌ది. ఆత్మహత్యకు పదేపదే ప్రయత్నించేవాళ్లతో ఆమె పని. ఉప్పెనలా ఉద్వేగం ముంచుకొచ్చే మనిషిని గంటసేపు కళ్లు మూసుకుని కూర్చోమంటే కుదురుతుందా? అందుకే ధ్యానాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టింది: గమనించు, ఉన్నదున్నట్టు మాటల్లో చెప్పు, మంచీచెడూ తీర్పు ఇవ్వకు, ఒకసారికి ఒకటే పని. 1993లో వచ్చిన ఆమె చికిత్సా గ్రంథంలో ఇవే పునాది.

ఇక్కడే తెలుగు అక్కరకొస్తుంది. మనం 'కోపం వచ్చింది', 'భయం వేసింది', 'దిగులు పట్టుకుంది' అంటాం. వచ్చింది కాబట్టి పోతుంది కూడా. మనిషి వేరు, కోపం వేరు అని క్లయింటుకు కొత్తగా నూరిపోయక్కర్లేదు, తన మాటనే తనకు వినిపిస్తే చాలు. కానీ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి బరంపురం అటు వెళ్లాక, ఇక్కడి తెలుగు చాలావరకు ఇంటిభాషగా మిగిలింది. చదువు ఒడియాలో, మందుచీటీ ఇంగ్లీషులో. మనసు బాధ మాత్రం అమ్మ భాషలోనే. ఆ భాషలో అడిగేవాళ్లు కావాలని నా గట్టి నమ్మకం.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను బరంపురం పక్కనే ఉన్న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి గాలి హోరు చెవుల్లో ఉండిపోయినవాళ్లకు కళ్లు మూయిస్తే భయం ఎక్కువ కావచ్చు. కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలకు ఆనించమనాలి. చేతికి వేడి టీ గ్లాసు ఇచ్చి, వేడి ఎక్కడెక్కడ తెలుస్తోందో చెప్పమనాలి.

"ముందు వేళ్లకి... ఇప్పుడు అరచేతికి. గాబరా ఇంకా ఉందండీ, గొంతు దగ్గర."