ఎగిరిన పిట్టనీ ఎగరని పిట్టనీ ఒకే బల్ల మీద పెట్టకండి

పర్లాకిమిడి

బరంపురం పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. సంక్రాంతి వెళ్ళాక హోమర్ పావురాల, అంటే ఎక్కడ వదిలినా గూటికి తిరిగొచ్చే పందెం పావురాల, ప్రదర్శన పెడతామని రాశారు. చదివి ఎంత సంతోషించానో! మగపిట్టలకొక బహుమతి, ఆడపిట్టలకొక బహుమతి, అన్నిట్లోకీ మేలైనదానికి పెద్ద కప్పు అన్నారు. ఆ మూడింటితో సరిపెట్టేస్తే మాత్రం ఆ సాయంత్రం మీలో చాలామంది ముఖాలు చిన్నబోతాయి. ఎందుకో, దానికి ఏం చెయ్యాలో కాస్త వివరంగానే రాస్తాను. ఓపిగ్గా చదవండి.

లక్కా పావురాన్ని తోక చూసి మెచ్చుకుంటారు. విసనకర్రలా విప్పిందంటే దాని పని అయిపోయినట్టే. హోమర్ అలా కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో బెల్జియం వాళ్ళు కొన్ని జాతుల్ని కలిపి, తరాల తరబడి ఏరి, దూరం నుంచి వదిలినా గూటికి తిరిగొచ్చే గుణం కోసమే దీన్ని తయారుచేశారు. ప్రదర్శనలో అది ఎగరదు, పంజరంలో నిలబడి ఉంటుంది. జడ్జి బయటికి తీసి, కాళ్ళు రెండు వేళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలు రెక్కల మీద ఆనించి పట్టుకుంటాడు. చేతిలో బరువు సమంగా కూర్చుందా, రొమ్ము ఎముక వంకర లేకుండా ఉందా, తోక కింది ఎముకలు దగ్గరగా గట్టిగా ఉన్నాయా, కండ మెత్తగా సాగుతోందా, ఈక పట్టులా జారుతోందా చూస్తాడు. రెక్క విప్పి పది పెద్ద ఈకల్నీ చూస్తాడు. ఇవన్నీ చూడవలసినవే. కానీ ఏ చెయ్యీ తడిమి చూడలేనిది ఒకటుంది, దారి తెలుసుకునే శక్తి. 1971లో విలియం కీటన్ అనే శాస్త్రవేత్త పావురాలకు చిన్న అయస్కాంతాలు కట్టి వదిలితే, ఎండ ఉన్న రోజున మామూలుగానే వెళ్ళిన పిట్టలు మబ్బు పట్టిన రోజున దిక్కు తప్పాయి. మరుసటేడు ఇటలీలో పాపీ అనే శాస్త్రవేత్త బృందం వాసన కూడా వాటికి దారి చూపుతుందని చెప్పింది. సూర్యుడు, భూమి అయస్కాంతం, గాలిలో వాసన, ఇన్నిటిని పట్టుకుని ఇల్లు చేరే పిట్ట గొప్పతనం పంజరంలో కనబడదు.

అందుకే మొట్టమొదట చెయ్యవలసిన విభజన మగా ఆడా కాదు. ఎగిరినవి వేరు, ఎగరనివి వేరు.

ఒక పిట్ట శ్రీకాకుళం నుంచి ఎగిరి వచ్చింది అనుకోండి. గాలిదారిన మీకు 145 కిలోమీటర్ల పైమాటే. మరొకటి విశాఖ నుంచి వచ్చింది, అది 240 దాటుతుంది. దారిలో ఎదురుగాలి, డేగ భయం, దాహం. రెక్క ఈకల కొసలు అరుగుతాయి. తోకలో ఒక ఈక పోయి ఉండవచ్చు. పక్క పంజరంలో ఇంకో పిట్ట ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ మేడ మీద గూడు దాటలేదు. మంచి మేత తిని మెరుస్తూ ఉంటుంది, ఒక్క ఈక కూడా చెదరలేదు. ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పెడితే జడ్జి చెయ్యి రెండోదాని వైపే పోతుంది. అందులో ఆయన తప్పేమీ లేదు, చేతికి తగిలినదానికే మార్కు వేస్తాడు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టినవాళ్ళదే తప్పు. ఎగరని పిట్టకు బహుమతి వద్దని నేను అనడం లేదు. కొత్తగా పెంచుతున్న పిల్లల దగ్గర ఉండేవి అవే కదా! దాని తరగతి దానికి ఉండాలి, కప్పు మాత్రం ఎగిరి వచ్చినవాటి మధ్యే తేలాలి.

ఇది నా సొంత పట్టుదల కాదు. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అనే సముద్రపు ఊళ్ళో ఏటా జనవరిలో హోమర్ల పెద్ద ప్రదర్శన జరుగుతుంది. 1896లో పుట్టిన ఆ దేశపు రాయల్ పీజియన్ రేసింగ్ అసోసియేషన్ దాన్ని నడుపుతోంది. అక్కడ ఎగిరిన పిట్టలకు విడిగా తరగతులు ఉంటాయి. దేశాలన్నీ కలిసి జరుపుకునే పావురాల ఒలింపియాడ్‌లోనూ రెండు పెద్ద విభాగాలున్నాయి. చేతితో పట్టి మార్కులు వేసేది ఒకటి, కేవలం ఎగిరే పందేల ఫలితాలు చూసేది ఇంకొకటి. మొదటి విభాగంలోకి రావాలన్నా పిట్ట ఇన్ని కిలోమీటర్లు ఎగిరి ఉండాలని నియమం ఉంది.

ఎగిరినవాటిలోనూ దగ్గర దూరం, పెద్ద దూరం విడదీయండి. మీ పిట్టలు ఇచ్ఛాపురం, పలాస దగ్గర్నుంచి ఎగిరేవే ఎక్కువ. 100 కిలోమీటర్ల లోపు ఒక తరగతి, 100 నుంచి 300 ఒకటి, ఆ పైన ఒకటి పెట్టుకుంటే మీకు చాలు. రాజమండ్రి మీకు గాలిదారిన 400 కిలోమీటర్ల దరిదాపు, అక్కణ్ణుంచి వచ్చిన పిట్ట ఎవరి దగ్గరైనా ఉంటే అది ఆ మూడో తరగతిలోకి పోతుంది.

పని ఏమిటో చూసి పిట్టను విడదీయడమన్నది మన ఒడిశాకు కొత్త కాదు, పిల్లలూ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1946లో సైన్యం 200 పావురాల్ని ఇక్కడి పోలీసులకిచ్చింది. వాటిని మొదట పనిలో పెట్టింది మన కోరాపుట్ జిల్లాలోనే. కొండలు, అడవులు, తీగ వెయ్యలేని ఠాణాలు. అక్కడ పావురాలే కబురు మోశాయి. తర్వాత కటక్ ప్రధాన కేంద్రమైంది. వాళ్ళు ఆ పిట్టలకు మూడు రకాల పనులు నేర్పారు. ఠాణా నుంచి బయటికి తీసుకువెళ్ళి వదిలితే తిన్నగా గూటికి వచ్చేవి కొన్ని. బండి మీద గూడు కదులుతూ ఉంటే ఆ గూటికే వచ్చేవి కొన్ని. ఒకచోట మేత తిని, ఇంకోచోట పడుకుంటూ, రెండు చోట్ల మధ్యా పోయి వచ్చేవి కొన్ని. ఈ మూడో రకం పని అన్నిటికన్నా కష్టం. తిన్నగా వచ్చే పిట్ట ఎంత వేగమైనదైనా, ఈ రానూ పోనూ పిట్టతో దాన్ని పోల్చి ఎక్కువా తక్కువా చెప్పడం అన్యాయం కదూ?

ఆ పావురాల చరిత్ర ఎంత గొప్పదో మీకు తెలియాలి. 1948 ఏప్రిల్ 13న నెహ్రూగారు సంబల్‌పూర్‌లో ఉండి కటక్‌కు పంపిన కబురును ఒక పావురమే మోసింది. 1982 వరదల్లో బంకీ పట్టణానికి దారులన్నీ తెగిపోతే అవే ఆదుకున్నాయి. 1999 పెనుతుఫానులో తీగలన్నీ నేలకూలినప్పుడూ అవే ఎగిరాయి. 2008లో ఆ సేవకు సెలవు చెప్పారు. కటక్‌లో, అంగుల్‌లో ఇంకా వాటి సంతతిని పెంచుతూనే ఉన్నారు. కటక్ వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళనడిగి తప్పకుండా చూసి రండి.

సరే, ఎగిరిందని రుజువేది? మేము విశాఖ నుంచి ఎగరేశాం అని నోటిమాటగా చెబితే కుదరదు. పందెం రోజున రాసిన కాగితం ఉండాలి. దాని మీద పిట్ట కాలి రింగు నంబరు, వదిలిన చోటు, వదిలిన వేళ, వచ్చిన వేళ, ఎన్ని పిట్టలు పోయాయో ఉండాలి. లెక్క కట్టడం ఎలాగో ఇప్పుడే నేర్చుకోండి. ఎవరి పిట్ట ముందు వాలిందన్నది కాదు చూడవలసింది, ఎవరి గూడు ఎంత దూరంలో ఉందో చూడాలి. పలాస నుంచి వదిలారనుకోండి. బరంపురంలో ఉన్నవాడి గూటికి 72,000 మీటర్లు, 60 నిమిషాల్లో వచ్చింది. నిమిషానికి 1,200 మీటర్లు. గోపాల్‌పూర్‌లో ఉన్నవాడి గూటికి 76,000 మీటర్లు, 62 నిమిషాలు పట్టింది. నిమిషానికి 1,225 దాటింది. రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చిందే గెలిచింది.

ఆ వేగాన్ని ఒక్క పందెంలోనే పోల్చండి. తోడుగాలి ఉన్న రోజు 1,500 కొట్టిన పిట్ట, ఎదురుగాలిలో 900 తో కొట్టుకుంటూ వచ్చిన పిట్టకన్నా గొప్పదని అనలేం. వేరువేరు పందేల పిట్టల్ని పోల్చాలంటే ఒలింపియాడ్ వాళ్ళ పద్ధతి మంచిది. వచ్చిన స్థానాన్ని 1,000 తో గుణించి, పోటీకి పోయిన పిట్టల సంఖ్యతో భాగించండి. 30 పిట్టల్లో మూడోది అయితే 100 వస్తుంది, 150 పిట్టల్లో మూడోది అయితే 20. తక్కువ వచ్చిందే మేలు.

ఇక వయసు. ఇక్కడే ఎక్కువ గొడవలొస్తాయి కాబట్టి నిదానంగా చదవండి. పిల్ల పుట్టిన వారం రోజులకల్లా కాలికి అతుకు లేని అల్యూమినియం రింగు తొడుగుతారు. ఇంకో వారం పోతే వేళ్ళు ఎదిగి రింగు ఎక్కదు, అప్పటికే ఎక్కి ఉన్నది మరి ఊడి రాదు. దాని మీద సంవత్సరం ఉంటుంది కాబట్టి అదే దాని జన్మపత్రం. విప్పి పెట్టే ప్లాస్టిక్ రింగు ఏనాడైనా తొడగవచ్చు, దాన్ని నమ్మి వయసు రాయకండి. మీ ప్రదర్శన జనవరిలో కనుక, పోయిన సంవత్సరం రింగు ఉన్నవన్నీ పిల్లపిట్టలు. అంతకు ముందువి పెద్దవి. రింగు లేనివాటిని పిల్లపిట్టల్లో చేర్చకండి, పెద్దవాటిలోనే ఉండనివ్వండి.

రింగు మీద ఏడాది ఒక్కటే ఉంటుంది, నెల ఉండదు. పోయిన జనవరిలో పుట్టినదీ, సెప్టెంబరులో పుట్టినదీ రెండూ అదే రింగుతో వస్తాయి. మొదటిదానికి పాత ఈకలన్నీ రాలి కొత్తవి వచ్చేసి ఉంటాయి. పావురం రెక్కలోని పది పెద్ద ఈకలు లోపలి నుంచి మొదలై ఒక్కొక్కటే వరసగా రాలుతాయి, చిట్టచివరి బయటి ఈక అన్నిటికన్నా ఆఖర్న పోతుంది. సెప్టెంబరు పిల్లకు మీ ప్రదర్శన నాటికి రెక్క సగమే మారి ఉంటుంది, బయటి ఈకలింకా పసితనపువే. అది ఎంత మంచి పిట్టయినా, కొత్త ఈకల పిట్ట పక్కన వెలవెలబోతుంది. కోస్తా జిల్లాల్లో ఎడ్ల బండలాగుడు పోటీల గురించి విన్నారా? పాలపళ్ళ జతలకు వేరు, రెండు పళ్ళకు వేరు, నాలుగింటికి, ఆరింటికి వేరు. నోరు తెరిచి పళ్ళు చూసి మరీ పందెంలోకి వదులుతారు. మీరూ రెక్క విప్పి చూడండి. పదో ఈక కొత్తదైతే ఒక తరగతి, పాతదే ఉంటే రెండోది. గూటి పుస్తకంలో పుట్టిన తేదీ రాసుకునే అలవాటు ఉంటే ఇంకా మంచిది, దాన్ని కూడా తెమ్మనండి.

మగా ఆడా విడదీయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మగది తల బలంగా, ఒళ్ళు కొంచెం పెద్దగా ఉంటుంది, ఆడది చిన్నది. కలిపితే ఆడవి నష్టపోతాయి. పిల్లపిట్టల్లో ఏది మగదో ఏది ఆడదో పెద్దవాళ్ళే పొరబడతారు. ఎవరైనా తప్పు రాసిస్తే, జడ్జి మొదలుపెట్టేలోపు సరైన పంజరానికి మార్చుకోనివ్వండి.

పెంచినవాళ్ళ సంగతి మాత్రం చాలా ముఖ్యం. మీ పక్కవీధిలో పెద్ద గూడు ఉన్న మావయ్యగారు తన పిట్టలన్నీ తెస్తే? ఆయన తేవచ్చు, తప్పు లేదు. కానీ ఒక్కొక్కరికీ తరగతికి రెండు పిట్టలే అని కట్టడి పెట్టండి. పద్నాలుగేళ్ళ లోపువాళ్ళకు విడిగా ఒక తరగతి ఉంచండి. దాంట్లోకి వచ్చే పిట్ట ఆ పిల్లవాడి గూట్లోనే పుట్టి ఉండాలి. కొన్న పిట్టలకు మిగతా తరగతులున్నాయి కదా. జత కట్టించి, గుడ్లు పెట్టించి, పద్ధెనిమిది రోజులు కాచుకుని, పిల్ల కాలికి రింగు తొడిగినవాడి శ్రమ ఒకటి, డబ్బిచ్చి బుట్టలో తెచ్చుకున్నవాడి ఆనందం ఒకటి. రెండూ మంచివే, రెంటినీ ఒకదానితో ఒకటి తూచకండి. డబ్బు పందేలు మాత్రం ఆ ప్రాంగణంలోకే రానివ్వకండి.

మీలో ఆ చిన్నమ్మాయి, కంటి తరగతి పెట్టమంటారా తాతయ్యా అని విడిగా అడిగింది. కంటిపాప చుట్టూ ఉండే వలయాల్ని భూతద్దంతో చూసి, ఇది దూరం ఎగిరేది, ఇది జత కట్టడానికి మంచిది అని చెప్పేవాళ్ళు ఉన్నారమ్మా. దానికి రుజువులు నాకు కనబడలేదు. సరదాగా చివర్లో పెట్టుకోండి, దాని మార్కు కప్పులో కలపవద్దు.

జడ్జిని బయటి ఊరి నుంచి పిలవండి. మీ పిట్టల్లో దేన్నయినా ఆయన అమ్మి ఉంటే ఆ తరగతి ఆయనకివ్వకండి. పంజరం మీద నంబరు ఒక్కటే ఉండాలి, పేరు ఉండకూడదు. ఆయన చూస్తున్నంతసేపూ పిట్ట గలవాళ్ళు గీత అవతలే నిలబడాలి. దేనికెన్ని మార్కులో ముందే గోడకు అంటించండి. ఈక కత్తిరించినా, రంగు వేసినా ఆ పిట్టను పక్కన పెట్టేయాలని కూడా అందులోనే రాయండి. అలా చేసినవాడిని అందరిముందూ నిలబెట్టి అవమానించకండి, పక్కకు పిలిచి చెప్పండి.

ఒక తరగతికి నాలుగు పిట్టలే వస్తే ఏం చెయ్యాలన్నది మీరు ఆలోచించలేదు. అయిదు లోపు వస్తే పక్క తరగతిలో కలపండి. ఈకలు మారినవీ మారనివీ కలపవచ్చు, 100 లోపు దూరాన్నీ 300 లోపు దూరాన్నీ కలపవచ్చు. ఎగిరినవీ ఎగరనివీ మాత్రం ఎన్ని తక్కువ వచ్చినా కలపకండి. రెండే పిట్టలుంటే ఆ రెండింటికే బహుమతి ఇవ్వండి. ఏది దేనితో కలపాలో ఆ రోజు పొద్దున్న కాదు, ఇప్పుడే కాగితం మీద పెట్టండి. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి రాయండి, మీ ఒడియా స్నేహితులకు ఎవరో చెబితే విని తెలుసుకునే అవసరం ఉండకూడదు. అచ్చుకు ఇచ్చేముందు ఒక ప్రతి నాకు పోస్టులో పంపండి, చూసి వెంటనే తిప్పి పంపుతాను. పంజరాలు ఎక్కడ అద్దెకు తెస్తున్నారో, ఒక్కోదాని వెడల్పు ఎంతో కూడా రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య